ఆగడం నేర్చిన బళ్లు: చికిటి దారుల్లో మోటారు శతాబ్దం

ఒడిశా గంజాం జిల్లాలోని చికిటి నుంచి ఏ దిక్కుకు కారు తీసినా బ్రేకులకు ఏదో ఒక పరీక్ష తప్పదు. తూర్పున గోపాలపురం సముద్రం. అటునుంచి వచ్చే ఉప్పుగాలి బ్రేకు గొట్టాలనూ పిన్నులనూ మెల్లగా తినేస్తుంది. పడమట కనుమలు. తప్తపాణి ఘాటు దిగి వచ్చిన బండి పక్కన నిలబడితే చక్రాల దగ్గర కమురు వాసన కొడుతుంది. ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో బరంపురం, దక్షిణాన ఇచ్ఛాపురం. ఎటు వెళ్లినా కాసేపట్లో జాతీయ రహదారి ఎక్కుతాం, ఎక్కగానే వేగం. ఇక శ్రావణ భాద్రపదాల్లో పొలాల మధ్య రోడ్ల మీద నిలిచే నీళ్ల సంగతి సరేసరి. వేడి, ఉప్పు, తడి, వేగం నాలుగూ ఒక్కచోట దొరికే ప్రాంతం ఇది. బ్రేకు ఎలా పనిచేస్తుందో, ఎలా పాడవుతుందో నేర్చుకోవాలంటే ఇంతకు మించిన బడి లేదు.

మోటారు చరిత్ర రాసేవాళ్లు ఎప్పుడూ ఇంజను గురించే రాస్తారు. ఏ జమీందారు ఏ కారు కొన్నాడు, దాని రంగేమిటి, ఎంత వేగంతో పోయేది అనేవే ముచ్చట్లు. అది ఆగేది ఎలా అని ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. ఈ నూరేళ్లలో బ్రేకు బాగుపడుతూ వచ్చింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే కన్ను మాత్రం చేతులు మారుతూ పోయింది. మొదట డ్రైవరు చూసేవాడు, తర్వాత షెడ్డు మిస్త్రీ చూశాడు, ఆ తర్వాత కంపెనీ సర్వీసు సెంటరు చూసింది. ఇప్పుడు డాష్‌బోర్డు మీద వెలిగే దీపానికి వదిలేశాం.

బ్రేకుకు తొలి మరమ్మతు చేసినవాడు మెకానిక్కు కాదు, చెప్పులు కుట్టే మనిషి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకు చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకులతో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దిగుడు దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోతుంటే దారిలో ఒక ఊళ్లో వాటికి తోలు కొట్టించింది. ఆ తోలే మొదటి లైనింగు. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ ఇదే ఆలోచనను వ్యాపారం చేశాడు. తన పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, ఇంకొకటి కలిపి ఫెరోడో అని కంపెనీకి పెట్టుకున్నాడు. 1908 నాటికి నూలు, తోలు పోయి లైనింగులోకి ఆస్బెస్టాస్ వచ్చింది. వేడికి కాలదు, ఎక్కడైనా దొరుకుతుంది, చవక. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మాత్రం లోకానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ఆ కాలానికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. చికిటి, సురంగి, జరడ, మందస, పర్లాకిమిడి అన్నీ జమీందారీలే. కారు అనే వస్తువు మొదట ఆ దివాణాల్లోకే వచ్చింది. మద్రాసులో సింప్సన్, ఆడిసన్ లాంటి కంపెనీలు మోటార్ల వ్యాపారం చేసేవి. అటు కలకత్తా కూడా ఉంది. రెండు మహానగరాలకూ నడిమిన, ఒకే రైలు దారి మీద ఉండటం బరంపురానికి పెద్ద వసతి. ఏ సామానైనా దక్షిణం నుంచో ఉత్తరం నుంచో దిగేది. ఈ రెండు వైపుల వాలకం ఈనాటికీ పోలేదు. బరంపురం స్పేరు పార్టుల కొట్లో ఒక పార్టు అడిగితే కటక్ ధర ఇంత, విశాఖ ధర ఇంత అని రెండు ధరలు చెప్పే వర్తకులు ఇప్పటికీ కనిపిస్తారు.

అప్పట్లో సామాన్యంగా కనిపించే కారు ఫోర్డ్ టీ మోడల్. 1908 నుంచి 1927 దాకా తయారైంది. దాని కాలి బ్రేకు చక్రాలను పట్టుకోదు. గేరు పెట్టెలో తిరిగే డ్రమ్ము చుట్టూ ఉన్న పట్టీని బిగిస్తుంది. చక్రాలను పట్టేది చేతి మీట, అదీ వెనక రెండింటినే. ముందు చక్రాలకు బ్రేకే లేదు. తర్వాతి మోడళ్లలో నాలుగు చక్రాలకూ బ్రేకు వచ్చినా, అది ఇనుప రాడ్ల మీద నడిచే బ్రేకు. ప్రతి రాడ్డునూ విడివిడిగా బిగించి నాలుగింటికీ సమానమైన పట్టు తేవాలి. ఒకటి కాస్త ఎక్కువ బిగిస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఆ పక్కకు లాగుతుంది. తెల్లవారుజామునే లేచి రేడియేటరులో నీళ్లు, ఇంజనులో ఆయిలు చూసి, బండి కిందికి దూరి రాడ్లు సరిచేయడం దివాణం డ్రైవరు దినచర్య. ఆ రోజుల్లో డ్రైవరు అంటే మెకానిక్కే. చేతకానివాడికి ఆ కొలువు దొరికేది కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయింది. చికిటి, బరంపురం అందులోకి వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు వైపే ఉండిపోయాయి. గీత ఎక్కడ పడాలన్నదానిపై ఇరువైపులా ఎన్ని వాదాలు నడిచాయో పాత తరానికి తెలుసు. ఆ గీత మనుషుల్ని విడదీయలేదు గానీ కాగితాలను విడదీసింది. పెళ్లిచూపులకో పొలం పనికో సరిహద్దు దాటే బండికి వేరే రిజిస్ట్రేషను, వేరే పన్ను, తర్వాతి కాలంలో గిరిసోల దగ్గర చెక్‌పోస్టు. యాదృచ్ఛికమే గానీ, సరిగ్గా ఆ ఏడాదే షెవర్లే కార్లకు హైడ్రాలిక్ బ్రేకు వచ్చింది. రాడ్లు పోయి సన్నటి గొట్టాల్లో ఆయిలు చేరింది. అలాంటి బ్రేకును నాలుగు చక్రాలకూ పెట్టి అమ్మిన మొదటి కారు 1921 నాటి డ్యూసెన్‌బర్గ్. ఫోర్డ్ మాత్రం రాడ్లను పట్టుకుని వేలాడి 1939లో గానీ లొంగలేదు.

ఆయిలు బ్రేకు రావడంతో పట్టు సమానం చేసే బాధ పోయింది. ఒక గొట్టంలో ఒత్తిడి పెరిగితే నాలుగు చక్రాలకూ ఒకేలా అందుతుంది. తొలినాళ్లలో ఆ ఆయిల్లో ముఖ్యమైన సరుకు మన ఆముదమే. ఆముదంలో ఆల్కహాలు కలిపిన మిశ్రమం అప్పటి సహజ రబ్బరు కప్పులను ఉబ్బించదు. ఖనిజ నూనె పోస్తే మాత్రం ఆ కప్పులు ఉబ్బి, మెత్తబడి, సిలిండరులో ఇరుక్కుపోతాయి. కప్పులను పెట్రోలుతో, డీజిలుతో కడగవద్దని ముసలి మిస్త్రీలు కుర్రాళ్లను తిట్టేది ఇందుకే. కారణం అడిగితే చెప్పలేకపోవచ్చు, నియమం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. ఇవాళ్టి బ్రేకు ఆయిలు వేరు, రబ్బరు కూడా వేరు. అయినా ఆ నియమం మారలేదు.

యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల వెనక బొగ్గు గ్యాసు పొయ్యిలు బిగించుకుని నడిపారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన జీపులు, లారీలు వేలంలో అమ్ముడుపోయాయి. ఈ ప్రాంతపు షెడ్లకు అదొక పెద్ద కానుక. ఒకే రకం బళ్లు, ఒకే రకం పార్టులు గుట్టలు గుట్టలుగా చేతికొచ్చాయి. దాన్ని విప్పి దీనికి వేయడం అప్పుడే అలవాటైంది.

ఆ అలవాటు లేకపోతే తర్వాతి పదేళ్లు గడిచేవి కావు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించి అమ్మేది. ఫోర్డ్ 1926లోనే ఇక్కడ కంపెనీ పెట్టింది. పార్టులు కూడా ఈ దేశంలోనే తయారుచేస్తే ఉండండి, లేకపోతే వెళ్లండి అని ప్రభుత్వం విధానం తేవడంతో 1954కల్లా రెండూ తలుపులు మూసుకున్నాయి. అప్పటికే 1951 ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలకు నూకలు చెల్లాయి. ఒక పక్క కారును పోషించే ఎస్టేటు పోయింది, ఇంకో పక్క దానికి పార్టులు పంపే కంపెనీ పోయింది. దివాణాల కార్లు కాంట్రాక్టర్లకు, డాక్టర్లకు, టాక్సీల వాళ్లకు చేరాయి. అమెరికా కారులో ఇంగ్లండు కారు సిలిండరు, జీపు మాస్టరు సిలిండరు, లేతు మీద చెక్కిన పిస్టను. అప్‌గ్రేడు అనే మాట ఎవరికీ తెలియని కాలంలో ప్రతి బండీ అప్‌గ్రేడే. కాకపోతే సోకు కోసం చేసింది కాదు, గత్యంతరం లేక చేసింది.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు అంబాసిడరువే. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1957 నుంచి చేసిన ఈ కారు, మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశపు అవతారం. బొంబాయి నుంచి వచ్చిన ఫియట్, 1970ల్లో ప్రీమియర్ పద్మిని అయింది. మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది. కానీ గంజాం రోడ్లకు కుదిరింది అంబాసిడరే. వెనక కమాను కట్టలు, ముందు టార్షన్ బార్లు, గుంటల్లో పడినా చెక్కుచెదరని ఒళ్లు. బానెట్టు ఎత్తితే ఇద్దరు మనుషులు తలలు దూర్చి పనిచేసుకోగలిగేంత చోటు. 1980లో డీజిలు ఇంజను వచ్చాక టాక్సీల వాళ్లు పూర్తిగా దీని మీదే పడ్డారు.

దాని బ్రేకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ ప్రాంతపు మిస్త్రీల పనితనమంతా దాని మీదే తయారైంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారపు షూలు రెండు. ఆయిలు ఒత్తిడికి అవి విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. షూ అరిగేకొద్దీ మధ్యలో సందు పెరుగుతుంది, పెడలు కిందికి పోతుంది. అప్పుడు చక్రం జాకీ మీద లేపి, వెనక పలక మీదున్న బిళ్లను రెంచితో చక్రం పూర్తిగా పట్టేసేదాకా తిప్పాలి. తర్వాత చక్రం చేత్తో తిరిగేదాకా ఒకటి రెండు నొక్కులు వెనక్కి తీసుకోవాలి. ఇలా నాలుగు చక్రాలకూ. ఇది చేయించనివాళ్లు పెడలును రెండుసార్లు పంపు కొట్టి ఆపేవారు. ఆ తరం డ్రైవర్లు మంచి డిస్కు బ్రేకుల కారెక్కినా రెండుసార్లే తొక్కేవారు. కాలికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా పోదు.

లైనింగు అరిగిపోతే షూ పారేసేవారు కాదు. పాత రివిట్లు ఉలితో కొట్టేసి, కొత్త లైనింగు పెట్టి, మధ్య నుంచి అంచులకు వరసగా రివిట్లు బిగించేవారు. రివిటు తల లైనింగు ఉపరితలం కన్నా లోతుగా ఉండాలి. లేకపోతే కొన్ని వేల కిలోమీటర్లకే అది డ్రమ్మును గీసేస్తుంది. గీతలు పడ్డ డ్రమ్మును లేతు మీద ఎక్కించి నునుపు చేసేవారు. ఎన్నిసార్లు చేయవచ్చో హద్దుంది. పలచబడ్డ డ్రమ్ము తొందరగా వేడెక్కుతుంది, పగులుతుంది. ఆ హద్దు దాటిన డ్రమ్ములు ఎన్నో రోడ్ల మీద తిరిగాయని ఒప్పుకోవాలి. అంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి ఉండేది. ఒక చక్రం సిలిండరు కారుతుంటే, కొత్త కిట్టు దొరికేదాకా ఆ చక్రానికి వెళ్లే గొట్టాన్ని మూసేసి మిగతా మూడింటి మీద నడిపించడం. అప్పటి మాస్టరు సిలిండరులో ఒకే గది ఉండేది కాబట్టి, ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. ఆ లెక్కన మూడు చక్రాల బ్రేకే నయం అనిపించేది. రెండు గదుల మాస్టరు సిలిండరు వచ్చి ఒక సర్క్యూటు పోయినా రెండోది మిగిలేలా చేశాక గానీ ఈ నాటు వైద్యానికి కాలం చెల్లలేదు.

డ్రమ్ము విప్పినప్పుడల్లా లోపలి నల్ల పొడిని నోటితో ఊదేవారు, లేదా గాలి పైపు పెట్టి కొట్టేవారు. పక్కనే క్లీనరు కుర్రాడు టీ తాగుతుండేవాడు. ఆ పొడిలో ఆస్బెస్టాస్ ఉండేదని వాళ్లకెవరూ చెప్పలేదు. ఇప్పుడు పేరున్న కంపెనీల ప్యాడ్లలో అది లేదు. పేరులేని సరుకులో ఏముందో పెట్టె మీద రాయరు. కాబట్టి ఈనాటికీ తడిగుడ్డతో తుడవడమే సరైన పద్ధతి.

ఈ కాలంలోనే పార్టుల దిక్కు మద్రాసుకు తిరిగింది. 1929లో మోటారు పార్టుల వ్యాపారంగా మొదలైన రాణే సంస్థ 1964లో బ్రేకు లైనింగుల తయారీలోకి వచ్చింది. టి.వి.ఎస్. వాళ్లు, ఇంగ్లండులోని గిర్లింగ్ సాంకేతికతతో 1962లో పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్ వచ్చింది. కారు ఉత్తర్‌పారాది, దాని బ్రేకు సరుకు మద్రాసుది. రెండూ కలిసేది నడిమిన ఉన్న బరంపురం షెడ్లలో. విజయవాడ ఆటోనగర్ పెద్దదైన కొద్దీ పాత పార్టులు, రిపేరు చేసిన పార్టులు అక్కణ్ణుంచి కూడా దిగాయి. వెనకే డూప్లికేటు సరుకూ వచ్చింది. పెట్టె, రంగు, అక్షరాలు అన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి, ధర సగం. వైపరు బ్లేడో హారనో డూప్లికేటు వేసుకుంటే పోయేదేమీ లేదు. బ్రేకు ప్యాడులో మాత్రం ఆ సగం ధర ఆదా అనుకోవడం శుద్ధ తెలివితక్కువ.

తప్తపాణి వేడినీటి ఊట చూడటానికి బరంపురం నుంచి కుటుంబాలు కార్లలో వెళ్లేవి, ఇప్పటికీ వెళ్తాయి. ఎక్కడంలో ఇంజను పాట్లు పడుతుంది, దిగడంలో బ్రేకు. లెక్క చూడండి. మనుషులతో కలిపి వెయ్యి కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకు మీద దిగితే, ఆ డ్రమ్ములు మింగాల్సిన వేడి, అదే బండిని గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఏడెనిమిది సార్లు వెంటవెంటనే ఆపినంత. కాలిన డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది. పెడలు ఇంకా కిందికి పోతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు, ఇంకా కాలుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలన్నది ఘాటు డ్రైవర్ల నియమం. బండిని ఇంజను పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు తగిలిస్తే చాలు.

ఘాటులో ఇంకో దొంగ ఉంటాడు, ఆయిలులోని నీరు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రతీరపు గాలిలో ఆ తేమకు కొదవేముంది? కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. దిగుడులో చక్రం దగ్గర ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. కాసేపు నిలిపితే ఆవిరి మళ్లీ నీరవుతుంది, బ్రేకు మామూలుగా పడుతుంది. ఊరికొచ్చి మిస్త్రీకి చూపిస్తే అతనికేమీ దొరకదు. ఏదో గాలి పట్టి ఉంటుందిలెమ్మంటాడు. ఘాటు దేవత కోపమని ముడుపు కట్టినవాళ్లూ ఉన్నారు. రెండేళ్లకోసారి ఆయిలు పూర్తిగా మార్చడం, దీనికి ఇంతకంటే మంచి పరిహారం లేదు. ఇంజను ఆయిలు నల్లబడితే కంగారుపడే మనుషులు బ్రేకు ఆయిలు రంగు చూడనైనా చూడరు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న కారు, తేలిక కారు. 1986లో మారిన రూపంలో ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్కు కొత్త కల్పన ఏమీ కాదు. ఇంగ్లండు ఇంజనీరు లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో జాగ్వార్ కారు లె మాన్ పందెంలో దాన్ని వాడి గెలిచింది. కానీ బరంపురం బజారులో మామూలు గుమాస్తా కొనగలిగే కారులోకి రావడానికి అదొక ముప్పై ఏళ్లు తీసుకుంది. డిస్కు గాలిలో బయటే తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. నీళ్లలో తడిసినా రెండు మూడు తిరుగుళ్లకు ఆరిపోతుంది. ప్యాడు అరిగిన కొద్దీ పిస్టను తనంతట తానే ముందుకు జరుగుతుంది. అంటే పెడలు కిందికి పోదు. సౌకర్యమే గానీ, తిరకాసూ అందులోనే ఉంది. పాత డ్రమ్ము తన అరుగుదలను ప్రతిరోజూ డ్రైవరు కాలికి చెప్పేది. డిస్కు ప్యాడు చివరిదాకా చెప్పదు. లోపలి ఇనుప రేకు తగిలి కీచుమన్నాకే తెలుస్తుంది, ఆ రేకు ఉన్న ప్యాడైతే. అప్పటికి డిస్కు గాడి పడి ఉంటుంది.

ప్యాడు పలచబడుతోందని మౌనంగా చెప్పేది ఒక్కటే, బానెట్టు కింద ఆయిలు డబ్బాలో మట్టం. ప్యాడు అరిగితే పిస్టను వెనకాల ఖాళీని నింపడానికి ఆయిలు కిందికి దిగుతుంది. మట్టం తగ్గింది, కొంచెం పొయ్యండి అని షెడ్డుకు వచ్చేవాళ్లు కోకొల్లలు. "పొయ్యడానికేటుంది బాబూ, ఎందుకు తగ్గిందో ముందు సూడాల" అనే మిస్త్రీ దొరికితే అదృష్టం. అడిగింది పోసి పంపేవాడు ఆ మౌన హెచ్చరికనే చెరిపేస్తాడు. ప్యాడు మూడు మిల్లీమీటర్లకు వచ్చాక మార్చాలన్నది సాధారణ లెక్క. ప్యాడుతోపాటు క్యాలిపర్ పిన్నులు తీసి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు పెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది ముఖ్యం. పిన్ను బిగుసుకుంటే ఒకవైపు ప్యాడు కరిగిపోయి రెండోది కొత్తగానే ఉంటుంది. ప్యాడ్లు నాసిరకమని కొట్టువాణ్ని తిడతాం.

మారుతితో షెడ్డు రూపు మారింది. రివిట్లు కొట్టేవాళ్ల పని లారీలకు పరిమితమైంది. కారు షూ, ప్యాడు, సిలిండరు అన్నీ అట్టపెట్టెల్లో వచ్చాయి. 1998 చివర్లో టాటా ఇండికా, 2000లో మహీంద్రా బొలేరో వచ్చాయి. ఇండికా బరంపురం టాక్సీ అయింది, బొలేరో గజపతి జిల్లా కొండదారులకు ఎక్కింది. వలస వెళ్లినవాళ్లు సూరత్ మగ్గాల మీద సంపాదించిన డబ్బుతో గంజాం పల్లెల్లోకి సెకండ్‌హ్యాండు కార్లు దిగాయి. కొన్నవాళ్లలో చాలామంది వాళ్ల ఇళ్లల్లో మొదటి తరం కారు యజమానులు. ముప్పై ఏళ్ల క్రితం కారు కొంటే డ్రైవరు వెంట వచ్చేవాడు, వాడితో పాటు విద్య వచ్చేది. ఇప్పుడు కారుతో పాటు తాళం చెవి మాత్రమే వస్తోంది. ఇన్ని మారినా షెడ్లలో పండుగలు మాత్రం రెండు. సెప్టెంబరు 17న ఒడియా మిస్త్రీ విశ్వకర్మ పూజ చేస్తే, దసరాకు తెలుగు మిస్త్రీ ఆయుధ పూజ చేస్తాడు. ఇద్దరూ ఉన్న షెడ్డులో రెంచీలకు రెండుసార్లు బొట్టు.

స్వర్ణ చతుర్భుజి కింద కలకత్తా, చెన్నై రోడ్డు నాలుగు వరసలైంది. 2010లో జాతీయ రహదారి 5 కాస్తా 16 అయింది. పాత రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లకు హడలిపోయే బండి, కొత్త రోడ్డు మీద 100కు తేలిగ్గా ఎక్కింది. వేగం రెట్టింపైతే ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు. రోడ్డు ఇంత మారినా, కారు చూసుకునే తీరు పాత రోడ్డు నాటిదే. అరిగిపోయి గట్టిపడ్డ టైర్లతో రహదారి ఎక్కి, బ్రేకు బాగానే ఉందిగా అంటారు. బ్రేకు చక్రాన్నే ఆపుతుంది, బండిని ఆపేది టైరు.

తుఫాన్లను విడిచి ఈ ప్రాంతంలో ఏ చరిత్రా రాయలేం. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటింది ఒకటి, అదే నెలాఖర్లో వచ్చిన మహా తుఫానుకు ముందు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ కూడా అక్కడే. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం, గజపతి, గంజాం మూడింటినీ దున్నింది. చెట్టు కింద నలిగిన కార్ల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఫొటోలో పడని నష్టం తర్వాత తేలుతుంది. హ్యాండ్ బ్రేకు బిగించి వారాలపాటు తడిలో వదిలేసిన కారుకు వెనక షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. బలవంతంగా లాగితే లైనింగు ఊడి వస్తుంది. వానాకాలంలో బండి ఎక్కువ రోజులు నిలపాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వదిలి, గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టడం మేలు. తుప్పు పట్టిన ఇనుప గొట్టం స్థానంలో ఏసీ మెకానిక్కు దగ్గర తెచ్చిన రాగి గొట్టం వేసే షెడ్లున్నాయి. మెత్తగా ఉండి వంచడానికి బాగుంటుంది. అదురుకు అదే మెత్తదనం పోయి గట్టిపడి చిట్లుతుంది. కాసేపట్లో అయిపోయే పని అని దానికి ఒప్పుకోకండి.

కుర్రకారుకు ఇప్పుడు అప్‌గ్రేడుల సరదా. పెద్ద అల్లాయ్ చక్రాలు, రంధ్రాల డిస్కులు, ఎర్రరంగు క్యాలిపర్లు. చక్రం బరువు, వ్యాసం పెరిగితే అదే బ్రేకు మీద భారం పెరుగుతుంది. అందానికి పెట్టిన చక్రం ఆగే దూరాన్ని పెంచుతుంది. పందేలకు చేసిన ప్యాడు వేడెక్కితే గానీ పట్టదు. ఉదయం బజారుకు పోయే బండికి దాంతో పనేమిటి? చట్టం సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు భిన్నంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మామూలు కారుకు నేను ఒప్పుకునే అప్‌గ్రేడులు కొన్నే. కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే డాట్ 3 బదులు డాట్ 4, గట్టిపడ్డ రబ్బరు గొట్టాలకు కొత్తవి, మంచి టైర్లు, అదే కారు పై మోడలుకు కంపెనీయే ఇచ్చిన పెద్ద డిస్కు సరిపోతే అది. తెలిసిన మిస్త్రీలు అంబాసిడర్లకు కూడా ఈ చివరి పద్ధతిలోనే పాత మోడలుకు తర్వాతి మోడలు సరుకు బిగించేవారు.

1978లో మెర్సిడెస్ పెద్ద కార్లలో వచ్చిన ఏబీఎస్, 2019 నాటికి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. తడిరోడ్డు మీద చక్రం బిగుసుకుపోకుండా సెకనుకు ఎన్నోసార్లు పట్టి వదులుతుంది. అప్పుడు పెడలు కాలి కింద దడదడలాడుతుంది. చాలామంది బెదిరి కాలు తీసేస్తారు. తీయకూడదు, అది పనిచేస్తున్న గుర్తు. రెండుసార్లు పంపు కొట్టే పాత అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. ఒకే జీవితంలో రెండు రకాల కాళ్లు నేర్చుకోవాల్సి వచ్చిన తరం ఇది. ఏబీఎస్ దీపం వెలిగితే స్కానరు పెట్టాలి. చక్రం దగ్గరి సెన్సరుకు బురద పట్టి ఉంటే పది నిమిషాల పని. స్కానరు లేని షెడ్డులో అయితే దీపం తీగ కోసేస్తారు.

2014 మేలో అంబాసిడరు తయారీ ఆగిపోయింది. మిగిలినవాటిలో కొన్ని పెళ్లిళ్ల బాడుగలకు తిరుగుతున్నాయి, కొన్ని తుక్కయ్యాయి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగించడానికి 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. బరంపురం ప్రభుత్వ ఐటీఐ విద్యార్థులు తుక్కు ఇనుముతో, మోటారు పార్టులతో చేసిన శిల్పాలు చూశారో లేదో. గేరు పళ్లు, బేరింగులు, గొలుసులు పోల్చుకోగలిగినవాడికి అక్కడ అరగంట గడుస్తుంది.

ఇప్పుడు బ్యాటరీ కార్లు వస్తున్నాయి. వాటిలో కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరై బండిని నెమ్మదింపజేస్తుంది, ఆ శక్తి బ్యాటరీకి వెళ్తుంది. ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగవు. కాకపోతే వాడని డిస్కు ఈ ఉప్పుగాలికి పొరలు పొరలుగా తుప్పు పడుతుంది, పిన్నులు బిగుసుకుంటాయి. అసలు అవసరం పడిన రోజున సగం పట్టే పడుతుంది. ఘాటులో బ్రేకు తక్కువ తొక్కు, గేరు మీద దిగు అని మూడు తరాల డ్రైవర్లకు చెప్పిన నోటితోనే, వారానికోసారి ఖాళీ రోడ్డు చూసుకుని నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కమని మిస్త్రీలు ఈ కొత్త యజమానులకు చెప్పాల్సి వస్తోంది.